నమ్మకమే మూలధనము

విజయవాడ గుంటూరు నగరముల నడుమ మంగళగిరి పట్టణము కలదు. అచ్చటి కొండమీద పానకాల నరసింహస్వామి వెలసియున్నాడు. కొండ దిగువనున్న లక్ష్మీనరసింహస్వామి యాలయమునకు పదునొకండు అంతస్తుల గాలిగోపురము కలదు. దీనిని వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు పందొమ్మిదవ శతాబ్ది యారంభమున కట్టించెను. భక్తులు బిందెలతో బెల్లపు పానకము కొండమీదికి కొనిపోయి అర్చకున కిత్తురు. అర్చకుడు శంఖముతో దానిని స్వామి నోట పోయును. గుటగుటమను ధ్వని వినవచ్చును. ఆ ధ్వని యాగినంతనే పోయుట మాని, మిగిలిన సగమును ప్రసాదముగా భక్తునకే తిరిగి యిచ్చును. తెచ్చినదెంతయో, స్వామి గ్రహించినదెంతయో, తిరిగి వచ్చినదెంతయో భక్తుడు కన్నులార చూచును. అందుచే ఆ లెక్కను శంకించువా డెవ్వడును లేడు.

ఈ యూరి రెండవ ప్రసిద్ధి మగ్గము. మంగళగిరి నూలుచీర జరీ అంచునకును, మన్నికకును పేరెన్నిక గన్నది. నేతగాడు గుంటమగ్గముపై కూర్చుండి పడుగు నడుమ నాడెను ఇటునటు నడపుచు దినమంతయు శ్రమించును. ఆ చీర అంగడిలో అమ్ముడుపోయి, దాని వెల సక్రమముగా చేతికి వచ్చిననేగాని ఆ శ్రమకు ఫలము లేదు. పూర్వము ఆ వెల నోట్లరూపమున గల్లాపెట్టెను చేరుచుండెను. నేడు ఆ పెట్టె ప్రక్కనే నల్లని చిన్న చిన్న గళ్లుగల చదరపు చిత్ర మొకటి నిలిచియున్నది. కొనుగోలుదారు తన సెల్‌ఫోనును దానికెదురుగా పట్టి, అంకెలు కొన్ని నొక్కును. క్షణకాలములో సొమ్ము ముట్టినదని అంగడివానికి వార్త వచ్చును. ఇట్టి చెల్లింపులకు పనికివచ్చు యాప్‌ను ఒక్కడే కూర్చుండి తయారుచేయగలడా? చేసినచో ఏ పని తాను చేయదగినది, ఏ పని చేయరానిది అనునదియే ఈ పాఠమునకు విషయము.

ముందుగా ఈ మార్గ మెట్లేర్పడినదో తెలిసికొనవలెను. కృష్ణా మండలములో ధనవ్యవహారమున ప్రజల నమ్మకమును కూడగట్టిన కార్యము క్రొత్తది గాదు. డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్య 1923లో మచిలీపట్టణమున ఆంధ్రాబ్యాంకును స్థాపించెను. ఆ బ్యాంకు తొంబదియారు సంవత్సరములకు పైగా ఆ పేరుతో పనిచేసి, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. ఆ కాలమున బ్యాంకు అనగా ఒక భవనము, ఒక ఇనుపపెట్టె, ఒక చిట్టాపుస్తకము. ఒక బ్యాంకు చిట్టాకును మరియొక బ్యాంకు చిట్టాకును తక్షణము మాటలాడుకొను ఉపాయము లేకుండెను.

ఆ ఉపాయము కొరకు పాటుపడిన సంస్థలలో నొకటి తెలుగునాటనే కలదు. బ్యాంకులకు వలయు సాంకేతిక విద్యను అభివృద్ధి చేయుటకై భారతీయ రిజర్వుబ్యాంకు 1996లో హైదరాబాదునందు ఒక పరిశోధన సంస్థను నెలకొల్పెను. ఒక బ్యాంకు కార్డుతో మరియొక బ్యాంకు ఏటీఎంలో సొమ్ము తీసికొనుటకు వీలుకల్పించు జాతీయ అనుసంధాన వ్యవస్థను ఈ సంస్థయే 2004లో ప్రారంభించినది. 2008లో భారత జాతీయ చెల్లింపుల సంస్థ యేర్పడెను. మరుసటి సంవత్సరమున ఆ వ్యవస్థ దాని యధీనమైనది. ఏలూరున జన్మించిన దువ్వూరి సుబ్బారావు రిజర్వుబ్యాంకు గవర్నరుగా నున్నకాలమున, 2010 నవంబరులో, ఏ దినమునందైనను ఏ వేళనైనను తక్షణమే సొమ్ము పంపు పద్ధతి ఆరంభమైనది. ఆ పునాదిమీదనే 2016 ఏప్రిల్ 11న యూపీఐ అను ఏకీకృత చెల్లింపు పద్ధతి వెలువడెను. 2023 ఆగస్టులో ఈ మార్గమున జరిగిన చెల్లింపుల సంఖ్య ఒక్క మాసములోనే వేయికోట్లను మించినది.

అంగడిలోని గళ్ల చిత్రమునకు క్యూఆర్ కోడ్ అని పేరు. ఇది జపానుదేశమున మోటారుబండ్ల విడిభాగములను గుర్తించుటకై 1994లో కల్పింపబడినది. దీనిలో ఒకే సమాచారము కొంత అదనపు గుర్తులతో కూడ వ్రాయబడియుండును. అందుచే మిక్కిలి కట్టుదిట్టముగా వ్రాసిన చిత్రములో సుమారు మూడవవంతు చెరిగినను యంత్రము దానిని చదువగలదు. పానకపు చుక్కలు పడినను, పసుపుచేతి మరక యంటినను అంగడి పని యాగకుండుటకు కారణ మిదియే.

మంగళగిరిలో ఒక నేతకుటుంబమున పుట్టి, కంప్యూటరు విద్య నేర్చిన యువకు డొకడు కలడనుకొందము. అతడు కల్పితుడే గాని, అతని కెదురగు చిక్కులు మాత్రము నిజమైనవి. అతని వీధిలో ఒక వృద్ధుడు చీరల అంగడి పెట్టుకొనియున్నాడు. సాయంకాలము లెక్క చూచునపుడు నాలుగు చీరలు పోయినట్లును, మూడు చీరల వెలయే ముట్టినట్లును అతనికి తరచుగా తోచుచుండెను. నాలుగవ చీర వెల బ్యాంకుకు వచ్చినదో లేదో, వచ్చినచో ఏ చీరకు వచ్చినదో అతనికి తెలియకుండెను. ఈ కష్టమును చూచి యువకుడొక చిన్న యాప్‌ను నిర్మింపబూనెను. చీర పేరును, వెలను వ్రాసినంతనే అంతే మొత్తముగల క్యూఆర్ చిత్రము ఫోనుమీద కనబడవలెను. ప్రొద్దుక్రుంకునప్పటికి ఆ దినపు లెక్క తప్పక తేలవలెను. ఇంతియే అతని సంకల్పము.

మొదట అతనికొక ఆలోచన కలిగెను. “బాబాయీ! కొన్నవారి సొమ్మంతయు ముందు నా ఖాతాకు రానిమ్ము. రాత్రికి లెక్కచూచి ఎవరిది వారికి పంచి పంపెదను. అప్పుడు లెక్క తప్పుటకు తావుండదు” అని ఆ వృద్ధునితో చెప్పెను.

వృద్ధుడు చిరునవ్వు నవ్వి, “అబ్బాయీ! పరుల సొమ్ము ఒక్కరాత్రి నీ యింట నిద్రించినను దానికి నీవే కావలివాడవు. ఆ రాత్రి నీకు జ్వరము వచ్చిన నా నేతగానికి కూలి యెవరిత్తురు?” అని యడిగెను.

ఆ ప్రశ్నయే చట్టముకూడ అడుగుచున్నది. 2007లో చేయబడిన చెల్లింపుల చట్టము ప్రకారము రిజర్వుబ్యాంకు అనుమతి లేనిదే ఎవ్వరును చెల్లింపుల వ్యవస్థను నడపరాదు. ప్రజల సొమ్మును ముందుగా నిలువజేసికొను వాలెట్టును నడపగోరు సంస్థకు దరఖాస్తునాటికే 5 కోట్ల రూపాయల నికర ఆస్తి యుండవలెనని 2017 నాటి నిబంధన. అంగళ్ల పక్షమున సొమ్ము వసూలుచేసి పంచు సంస్థకు 15 కోట్లు ఉండవలెనని 2020 నాటి నిబంధన. ఇవి చిన్నవారిని తరిమివేయుటకు కల్పించిన గోడలు గావు. పరధనమును చేతబట్టినవాడు చేయిజారినను ప్రజలు చెడకుండుటకై కట్టిన కరకట్టలు.

యువకుడు మొదట నిరుత్సాహపడెను. పిమ్మట ఆలోచింపగా, తన యాప్‌కు సొమ్మును తాకవలసిన యవసరమే లేదని గ్రహించెను. యూపీఐ పద్ధతిలో క్యూఆర్ చిత్రమునందు వ్రాయదగిన విషయములు స్వల్పము: ముట్టవలసినవాని చెల్లింపు చిరునామా, పేరు, మొత్తము, ఆ బేరమునకు గుర్తుసంఖ్య. ఈ వ్రాతపద్ధతి బహిరంగముగా ప్రకటింపబడినది. ఆ చిత్రమును కొనుగోలుదారు తన ఫోనులోని తన యాప్‌తోనే చదువును. అతని బ్యాంకు ఖాతానుండి సొమ్ము తగ్గును. అంగడివాని బ్యాంకు ఖాతాలో పెరుగును. నడుమ యువకుని ఖాతా యెక్కడను రాదు.

ఆ క్షణకాలములో జరుగు వ్యవహారము వినదగినది. కొనుగోలుదారు కోరిక మొదట అతని యాప్‌నకు సంబంధించిన బ్యాంకుకును, అటనుండి జాతీయ చెల్లింపుల సంస్థకును పోవును. ఆ సంస్థ చిరునామానుబట్టి సొమ్ము ఏ ఖాతాకు చేరవలెనో కనుగొనును. పిదప కొన్నవాని బ్యాంకును ఇంత సొమ్ము తగ్గింపుమని అడుగును. ఆ బ్యాంకు రహస్యసంఖ్యయగు పిన్ను సరిచూచి తగ్గించిన తరువాత, అమ్మినవాని బ్యాంకును అంత సొమ్ము పెంచుమని చెప్పును. ఇరువైపుల సమాధానము వచ్చిననే వ్యవహారము ముగియును. ఆ పిన్నును నొక్కు పుట కూడ జాతీయ సంస్థ ఇచ్చినదే. అది రహస్యలిపిలోనికి మారి బ్యాంకునకు పోవును గాని, యాప్ నిర్మించినవానికి కనబడదు. తాళపుచెవి వడ్రంగి చేతిలో నుండరాదను నీతి ఇచ్చట పాటింపబడినది.

ఇతర దేశములలో వేరు పద్ధతులును కలవు. ఆఫ్రికాఖండమందలి కెన్యాదేశమున 2007లో ఎంపెసా అను ఫోను చెల్లింపు పద్ధతి ఆరంభమైనది. బ్యాంకు ఖాతా లేని పేదలు ఊరి అంగడిలో నోట్లిచ్చి, ఫోనుద్వారా బంధువులకు సొమ్ము పంపగలిగిరి. అచ్చట ఫోను కంపెనీ లెక్కలోనే సొమ్ము నిలిచియుండును. ఇచ్చటి యూపీఐలో సాధారణముగా బ్యాంకు ఖాతానుండి బ్యాంకు ఖాతాకే పోవును. మార్గములు వేరైనను, సొమ్ము ఎవరి సంరక్షణలో నున్నదో స్పష్టముగా తెలియవలెనను నియమము మాత్రము రెండింటికిని ఒక్కటియే.

యువకుడు రాత్రులయందు కూర్చుండి పని సాగించెను. మొదటి చిక్కు లెక్కలోనే యెదురయ్యెను. కంప్యూటరు సున్న, ఒకటి అను రెండంకెలతో లెక్కించును. ఆ రెండంకెల లెక్కలో పదియవవంతును ముగింపు గలిగిన భిన్నముగా వ్రాయుట సాధ్యముకాదు. అందుచే రూపాయలను దశాంశములతో కూడినచో, ఎన్నియో బేరముల పిమ్మట ఎచ్చటనో ఒక పైస తేడా రావచ్చును. దీనికి మందు సులభము: సొమ్మునంతయు పైసలలో పూర్ణాంకములుగా లెక్కించి, చూపునపుడు మాత్రము రూపాయలుగా చూపవలెను. ఒక పైస తేడాయే గదా యని విడిచినవానిని రూపాయి విషయమున ఎవరును నమ్మరు.

రెండవ చిక్కు ఇంతకంటె పెద్దది. సొమ్ము పోయినది, పోలేదు అను రెండే స్థితులు కలవని అతడు మొదట భావించెను. మూడవ స్థితి యొకటి కలదని వృద్ధుని అంగడిలో తెలిసెను. ఒక పెద్దమ్మ 1,800 రూపాయల చీర కొని చిత్రమును చదివించెను. ఆమె ఖాతాలో సొమ్ము తగ్గెను. అంగడివానికి వార్త రాలేదు. ఆ సాయంకాలమే నేతగానికి కూలి ఈయవలసియుండెను. యాప్‌లో మాత్రము “చెల్లింపు జరిగినది” అని పచ్చని అక్షరములు మెరసెను. కొనుగోలుదారు ఫోనులో పిన్ను నొక్కినంత మాత్రమున సొమ్ము ముట్టినట్లు భావించి యువకుడు అట్లు వ్రాసియుండెను.

వృద్ధుడు ఆ యక్షరములను చూచి, “అబ్బాయీ! నీ ఫోను ముట్టినదనుచున్నది. నా బ్యాంకు మాటాడుట లేదు. ఇద్దరిలో నేనెవరిని నమ్మవలెను?” అనెను. యువకుడు తలవంచుకొని, “బ్యాంకునే నమ్మవలెను బాబాయీ! తప్పు నాది” అనెను. చీరను కట్టి, దానిపై పెద్దమ్మ పేరు వ్రాసి యొకప్రక్క నుంచిరి. వ్యవహారమునకు వచ్చు 12 అంకెల గుర్తుసంఖ్యను ఆమెచేత వ్రాయించుకొనిరి. నేతగాని కూలిని వృద్ధుడు తన చేతిసొమ్మునుండి యిచ్చెను.

ఇట్టి సందర్భములకు రిజర్వుబ్యాంకు 2019 సెప్టెంబరులో గడువులు నిర్ణయించినది. ఒకరి ఖాతానుండి మరియొకరి ఖాతాకు యూపీఐలో పంపిన సొమ్ము చేరనియెడల మరుసటి దినములోపలను, అంగడివానికి చెల్లించిన సొమ్మునకు నిర్ధారణ రానియెడల అయిదు దినములలోపలను దానంతటనే వెనుకకు రావలెను. గడువు మించినచో దినమునకు 100 రూపాయల చొప్పున బ్యాంకు పరిహార మీయవలెను. పెద్దమ్మ సొమ్ము రెండు దినములలో ఆమె ఖాతాకే తిరిగి చేరెను. ఆమె మరల అంగడికి వచ్చి వెల చెల్లించి చీర తీసికొనిపోయెను.

ఆ రాత్రియే యువకుడు పచ్చని అక్షరములను తుడిచివేసి, “నిర్ధారణ కాలేదు, బ్యాంకు వార్త చూడుడు” అని వ్రాసెను. అంగడివాడు తన బ్యాంకు వార్తను తానే చూచి “ముట్టినది” అను మీట నొక్కిననే లెక్క పూర్తియగునట్లు మార్చెను. కొనుగోలుదారు తన ఫోనులో చూపు చెల్లింపు చిత్రమును సాక్ష్యముగా గైకొనరాదనియు చేర్చెను. ఏలయనగా అట్టి దొంగచిత్రములను సృష్టించి మోసగించు వారును కలరు. అంగడివారికి అతడు మరి రెండు మాటలు నేర్పెను. ఒకటి: గోడపై నంటించిన తమ చిత్రముమీద మరియొకరు తమ చిత్రము నంటించిపోవచ్చును గనుక, ప్రతి ఉదయమును దానిని చదివించి, తమ పేరే వచ్చుచున్నదో లేదో చూడవలెను. రెండు: సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను ఎన్నడును అక్కరలేదు, సొమ్ము వచ్చును, పిన్ను నొక్కుమని యెవరైన చెప్పినచో అది మోసమే.

యాప్‌ను ప్రజలకు విడుదల చేయుటకు ఖర్చు పెద్దది గాదు. గూగుల్ ప్లేలో నిర్మాతగా పేరు నమోదు చేయించుటకు ఒక్కసారి 25 డాలర్లు చెల్లించిన చాలును. 2024 చివరినాటి నియమము ప్రకారము, వ్యక్తిగత ఖాతాతో క్రొత్తగా వచ్చిన నిర్మాత ముందుగా 12 మందిచేత 14 దినములు ఎడతెగక పరీక్ష చేయింపవలెను. యువకుడు ఆ పన్నిద్దరిని తన స్నేహితులలో వెదుకలేదు. కంటిచూపు తగ్గిన వృద్ధుడు, పాతఫోను గల పూలమ్మి, ఎండలో బండి నిలుపు తోపుడుబండివాడు, నెట్టు సరిగా నందని సందులోని కుట్టుపనివాడు మొదలగువారిని ఎన్నుకొనెను. అక్షరములు చిన్నవని ఒకరు, ఎండలో కనబడుటలేదని యొకరు, మీట రెండుసార్లు నొక్కిన ఒకే బేరము రెండుసార్లు పడుచున్నదని యొకరు చెప్పిరి. అతడు అక్షరములను పెంచెను, రంగులను మార్చెను. ఒక బేరమునకు ఒకే గుర్తుసంఖ్య నిచ్చి, మీటను ఎన్నిసార్లు నొక్కినను లెక్కలో ఒక్కసారియే పడునట్లు కట్టుదిట్టము చేసెను.

ఇక జీవనమెట్లు? 2020 జనవరి 1 నుండి సామాన్యమైన యూపీఐ చెల్లింపులపై అంగడివానినుండి రుసుము తీయరాదను ఏర్పాటు అమలులోనికి వచ్చినది. చెల్లింపులమీద ఆదాయము పొందుట చిన్న నిర్మాతకు సాధ్యము గాదు. అందుచే అతడు పగలు ఉద్యోగము చేసికొనుచు, లెక్కపుస్తకమునకు మాత్రము స్వల్పమైన వార్షికపు చందా పెట్టెను. కొనుగోలుదారుల ఫోనునంబర్లను అమ్మినచో ధనము వచ్చునని యొకడు చెప్పగా, వాటిని సేకరింపకుండుటయే మేలని నిశ్చయించెను. లేనిదానిని అమ్ముమని ఎవరును అడుగలేరు.

చివరి ప్రశ్న వృద్ధుడు మొదటనే యడిగినది: “నీకు జ్వరము వచ్చిన?” ఒంటరి నిర్మాత జవాబు చెప్పవలసిన ప్రశ్న అదియే. పెద్ద సంస్థలో ఒకడు లేకున్న మరియొకడుండును. ఒక్కడే చేసిన పని అతనితోనే ఆగిపోవచ్చును. ఈ యువకుని యాప్ ఆగినను అంగడివాని ఖాతా బ్యాంకులో నుండును. గోడమీది చిత్రము పనిచేయుచునేయుండును. లెక్కలన్నిటిని అంగడివాడు ఎప్పుడు కావలసిన నప్పుడు కాగితముపై ముద్రించుకొనునట్లు యువకుడు ముందే ఏర్పాటు చేసెను. తాను లేకున్నను ఎవరికిని నష్టము రాని విధముగ పని చేసినవాడే ఇతరుల నమ్మకమునకు అర్హుడు.

ఒకనాటి సాయంకాలము వృద్ధుడు లెక్క చూచెను. ఏడు చీరలు పోయినవి. ఏడు వెలలు ముట్టినవి. అతడు ఫోనును ప్రక్కన పెట్టి, “అబ్బాయీ! ఇప్పుడిది కొండమీది పానకము లెక్కవలె నున్నది. పోసినది కనబడుచున్నది, మిగిలినది కనబడుచున్నది” అనెను. యువకునకు అంతకంటె వేరు బహుమానము అవసరము లేకపోయెను.

విద్య ఒక్కని గదిలో పుట్టవచ్చును. నమ్మకము పలువురి యెదుట పెరుగవలెను. చిన్నవాడు పెద్దపనిలో పాలుగొనవచ్చును. అయితే తన చేతికి తగిన దెంతయో అతడు ముందుగా తెలిసికొనవలెను. తెలియనిదానిని తెలిసినట్లు చూపరాదు. ముట్టనిదానిని ముట్టినదని చెప్పరాదు. ఈ నియమమును పాటించినవానికి మూలధనము తక్కువైనను నమ్మకము తక్కువ కాదు.